డెబెన్ నదిలో రాత్రి మకాం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇప్స్విచ్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ, వాటాలేసుకుని పాత తెరచాప యాట్ కొన్న పిల్లలు ఒక పక్క. వేసవిలో వాళ్ల దగ్గరికి వెళ్లబోతున్న అమ్మానాన్నలు ఇంకో పక్క. ఈసారి ఉత్తరాలు ఇలాంటి ఇళ్ల నుంచే ఎక్కువ వచ్చాయి. దాదాపు అందరూ అడిగింది ఆర్వెల్, డెబెన్ నదుల గురించి. రెండూ ఇంగ్లండ్ తూర్పు తీరంలో, సఫక్‌లో, ఒకదానికొకటి దగ్గరగా సముద్రంలో కలుస్తాయి. సముద్రపు నీరు రోజుకు రెండుసార్లు వాటిలోకి ఎక్కి దిగుతుంది. కింది జవాబుల్లో పోటు అంటే నీరు ఎక్కడం, పాటు అంటే దిగడం. నాటికల్ మైలు 1.85 కిలోమీటర్లు. గంటకు ఎన్ని నాటికల్ మైళ్లు పోతే అన్ని నాట్లు. టైములన్నీ అక్కడి వేసవి టైములే.

ప్రశ్న: మావాడి యాట్ 27 అడుగులు, నీళ్లలో 1.4 మీటర్లు మునుగుతుంది. జూలైలో శుక్రవారం సాయంత్రం ఇప్స్విచ్‌లో బయల్దేరి, శనివారం రాత్రి డెబెన్‌లో ఉండి, ఆదివారం తిరిగి రావాలనుకుంటున్నాం. ఆ శనివారం పౌర్ణమి వెళ్లిన మర్నాడు పడుతుంది. డెబెన్ మొగ దగ్గర జాగ్రత్త అని అందరూ భయపెడుతున్నారు. ఏ టైముకు ఎక్కడ ఉండాలి? (ఒక తండ్రి, కర్నూలు)

పౌర్ణమి సంగతి చెప్పడం మంచిదైంది. సగం లెక్క అందులోనే ఉంది. పౌర్ణమికీ అమావాస్యకీ ఒకటి రెండు రోజుల తర్వాత పోటు బాగా ఎత్తుకు వస్తుంది, పాటు బాగా లోతుకు దిగుతుంది. ఆర్వెల్ సముద్రంలో కలిసే చోటి హార్విచ్ రేవు దగ్గర అప్పుడు ఆ రెంటి మధ్య తేడా సుమారు 3.6 మీటర్లు. అష్టమి దాటాక వచ్చే చిన్న పోట్లకు అది 2.3కి తగ్గుతుంది. పెద్ద పోట్ల రోజుల్లో ఈ తీరాన నీరు నిండేది ఎప్పుడూ మధ్యాహ్నం ఒంటిగంట, రెండు మధ్య, మళ్లీ అర్ధరాత్రి దాటాక. చిన్న పోట్ల రోజుల్లో పొద్దున, సాయంత్రం నిండుతుంది. అంటే గోడకున్న తెలుగు క్యాలెండర్ చూసి ఏ వారాంతం పనికొస్తుందో కర్నూలులో కూర్చునే చెప్పొచ్చు. కచ్చితమైన టైము మాత్రం అక్కడి పోటు పట్టికలోనే చూడాలి. పట్టిక గ్రీనిచ్ టైములో ఉంటే వేసవిలో ఒక గంట కలపాలి. ఈ గంట మరిచి బురదలో కూర్చున్న పడవలకు లెక్కలేదు.

మీ శనివారం మధ్యాహ్నం 1:45కి నీరు నిండుతుందనుకుందాం. అయితే పొద్దున 7:35 ప్రాంతంలో పాటు అడుగుకు చేరుతుంది. శుక్రవారం సాయంత్రం ఇప్స్విచ్ డాక్ నుంచి ప్రిన్స్ ఫిలిప్ లాకు గుండా ఆర్వెల్ నదిలోకి దిగండి. వీహెచ్ఎఫ్ రేడియో 68వ ఛానెల్లో అడిగితే ఎప్పుడు గేటు తీస్తారో చెబుతారు. ఆర్వెల్ వంతెన కింద 38 మీటర్ల ఎత్తుంది కాబట్టి మీ తెరచాప కొయ్యకు బెంగ లేదు. సుమారు గంట ప్రయాణంలో పిన్ మిల్ అనే పల్లె వస్తుంది. ముందే ఫోన్ చేసి మాట్లాడుకున్న బోయాకి, అంటే అడుగున గొలుసుతో కట్టి నీటి మీద తేలే గుండుకి, అక్కడ కట్టుకుని పడుకోండి.

శనివారం 8 గంటలకు బయల్దేరండి. అక్కణ్నుంచి డెబెన్ మొగ దాకా అటూ ఇటుగా 10 నాటికల్ మైళ్లు. ఆర్వెల్లో పోటు మీకు ఎదురొస్తుంది కానీ మొదటి గంటలో దానికి బలం ఉండదు. నది చివర ఫెలిక్స్‌టో కంటైనర్ రేవుంది. 400 మీటర్ల ఓడలు తిరిగే చోటు అది. మీ యాట్ పడమర, దక్షిణం అంచుల్లో, లోతుగా తవ్విన ఛానెల్ బయటే నడవాలి. డెబెన్ వైపు ఉత్తరానికి తిరగాలంటే ఎక్కడో ఒకచోట ఆ ఛానెల్‌ని దాటక తప్పదు. దాటేటప్పుడు ఛానెల్‌కు సూటిగా అడ్డంగా, ఇంజిన్ మీద, రెండు పక్కలా చూసుకుని దాటండి. రేడియోలో 71వ ఛానెల్ వింటూ ఉంటే ఏ ఓడ కదులుతోందో తెలుస్తుంది.

10:45, 11 మధ్య వుడ్‌బ్రిడ్జ్ హేవెన్ అనే ఎరుపు తెలుపు నిలువు చారల బోయా దగ్గరికి చేరతారు. అప్పటికి సగం పోటు అయి ఉంటుంది. కావలసింది అదే. డెబెన్ మొగకు అడ్డంగా గులకరాళ్ల తిట్ట ఉంది. చలికాలపు తుపాన్లకు అది చోటు మారుతుంది, దానితో పాటు దారి బోయాలనూ మారుస్తారు. కాబట్టి పోయినేడాది పటంగానీ ఫోన్లోని పాత చార్టుగానీ నమ్మొద్దు. ఆ ఏడు కొలిచి వేసిన పటం సంపాదించండి, మొగ దగ్గరి ఫెలిక్స్‌టో ఫెర్రీ అనే పల్లెలోని హార్బర్ మాస్టర్‌కు ఒక ఫోన్ కొట్టండి. లోపలికి పోయేటప్పుడు ఎర్ర బోయాలు ఎడమన, పచ్చవి కుడిన ఉండాలి.

సగం పోటే ఎందుకంటే, పాటు అడుగున తిట్ట మీద మీ కీల్‌కు, అంటే యాట్ కింద దిగి ఉండే రెక్కకు, నీరు చాలదు. పోటు మీద పొరపాటున అడుగు తగిలినా నీరు పెరుగుతూనే ఉంటుంది, పది నిమిషాల్లో తేలిపోతారు. నిండా నిండాక పోతే పొరపాటుకు చోటుండదు. ఇక పాటు మీద లోపలికి పోదామన్న మాటే వద్దు. పెద్ద పోట్ల రోజుల్లో ఆ సందులో పాటు 5 నాట్ల దాకా ఉరుకుతుంది, మీ ఇంజిన్ పోయేదే 5 చిల్లర. ఆగ్నేయం నుంచో తూర్పు నుంచో గాలి గట్టిగా ఉండి పాటు దానికి ఎదురైతే తిట్ట మీద అలలు విరుగుతాయి. అలాంటి రోజు డెబెన్ మానుకుని ఆర్వెల్లోనే ఇంకో రాత్రి ఉండటం మేలు. ఆ నదీ తక్కువది కాదు.

ఆదివారం కూడా పోటు చివర్లోనే బయటపడాలి. నీరు నిండటానికి ముప్పావుగంట ముందు తిట్ట దాటేలా చూసుకోండి. ఆర్వెల్లో పాటు ఎదురై తిరుగు ప్రయాణం ఇంకో గంట పట్టొచ్చు. తిట్ట మీద భద్రంగా ఉండటానికి ఆ గంట ఖర్చు పెట్టొచ్చు.

ప్రశ్న: డెబెన్ నిండా బోయాలే కనిపిస్తున్నాయి. ఖాళీగా ఉన్నదానికి కట్టేసుకోవచ్చా? కట్టుకునే పద్ధతి ఏమిటి? (ఒక పాఠకుడు, అనంతపురం)

ఖాళీగా కనిపించే బోయాల్లో నూటికి తొంభై ఎవరివో సొంతం. యజమాని అదే సాయంత్రం తిరిగి రావచ్చు. దానికింద గొలుసు ఎంత పాతదో, మీ పడవ బరువుకు ఆగుతుందో లేదో మీకు తెలియదు. మొగ నుంచి పైకి పోతుంటే రామ్‌షోల్ట్, ఆ తర్వాత వాల్డ్రింగ్‌ఫీల్డ్ వస్తాయి. రెండు చోట్లా ముందే ఫోన్ చేసి పడవ పొడవు, బరువు, మునక చెప్పి, ఫలానా బోయా తీసుకోండి అనిపించుకోవాలి. కొన్ని బోయాల మీద ఎన్ని టన్నులకు పనికొస్తుందో రాసి ఉంటుంది.

కట్టుకునేటప్పుడు ముందు చుట్టూ కట్టి ఉన్న పడవలను చూడండి. వాటి ముక్కు ఎటుంటే మీదీ అటే. మామూలుగా అది నీటి పారుదలకు ఎదురు దిశ. పెద్ద తెరచాప దించేసి, ఇంజిన్ మీద, ప్రవాహానికి ఎదురుగా మెల్లగా రండి. బోయా ముక్కు పక్కకు వచ్చేసరికి నేల మీద మీ వేగం సున్నా కావాలి. జీపీఎస్ చూస్తే తెలుస్తుంది, నీటిలో వేగం చూపే మీటర్ చూస్తే మోసపోతారు. ముందున్న మనిషి ఎంత దూరంలో ఉందో చేత్తో చూపిస్తూ ఉండాలి. ఇంజిన్ చప్పుడులో కేకలు వెనక్కి వినపడవు.

కొక్కెం కర్రతో చిన్న తేలుడు బోయాను పట్టి పైకి లాగితే దానికింద మోకు వస్తుంది. ఉచ్చు ఉంటే దాన్ని నేరుగా ముందున్న క్లీట్‌కు, అంటే తాడు కట్టే కొమ్ముకు, తగిలించండి. పైన ఇనుప రింగే ఉంటే మీ తాడు దూర్చి వెనక్కి తెచ్చి కట్టుకుంటారు. అప్పటికి సరే. రాత్రికి అలాగే వదిలితే తాడు రింగులో అటూ ఇటూ జారి, తెల్లారేసరికి రంపం కోసినట్టు తెగి ఉంటుంది. ఇంకో తాడు తీసుకుని రింగుకు రెండు చుట్లు చుట్టి ముడి వేయండి. పడవ అంచుకు రాసుకునే చోట తోటకు నీళ్లు పెట్టే పైపు ముక్కను జానెడు కోసి తొడగండి.

గాలి ఒక పక్కా ప్రవాహం ఇంకో పక్కా అయితే పడవ బోయా మీదికి ఎక్కి రాత్రంతా ఠంగు ఠంగుమని కొడుతుంది. తాడు పొట్టిగా చేసి బోయాను ముక్కుకు ఆనేలా బిగిస్తే కొంత నయం. పూర్తిగా ఆగదు, ప్రవాహం తిరిగే దాకా భరించాల్సిందే.

ప్రశ్న: బోయా దొరక్కపోతే లంగరే గతి కదా. ఎంత గొలుసు వదలాలి? ఉదాహరణతో చెప్పండి. (ప్రొద్దుటూరు, కడప జిల్లా)

లంగరు వేసే ముందు తేల్చుకోవలసింది గొలుసు కాదు, చోటు. వేసేటప్పుడు ఎకో సౌండర్ చూపే లోతు అప్పటి మాట. పడవ నిలవాల్సింది అర్ధరాత్రి పాటు అడుగున మిగిలే నీటి మీద.

అష్టమి తర్వాత చిన్న పోట్ల రోజు తీసుకుందాం. సాయంత్రం 6:30కి నిండి 3.4 మీటర్లు, రాత్రి 12:45కి దిగి 1.1 మీటర్లు. తేడా 2.3. ఈ ఆరు గంటల్లో నీరు సమానంగా దిగదు. పన్నెండు భాగాలు చేస్తే మొదటి గంటలో ఒకటి, తర్వాత వరసగా రెండు, మూడు, మూడు, రెండు, ఒకటి. మీరు 8:30కి, అంటే రెండు గంటలు గడిచాక వేస్తున్నారు. మూడు భాగాలు దిగిపోయాయి, సుమారు 0.6 మీటర్లు. ఇంకా 1.7 దిగాలి. మునక 1.4, అడుగున ఖాళీ 0.5 ఉంచుకుందాం. మూడూ కలిపితే 3.6. వేసే టైముకు నీటి మట్టం నుంచి అడుగు దాకా 3.6 మీటర్లు లేని చోటు ఆ రాత్రికి పనికిరాదు.

ఇక గొలుసు. పొద్దున మళ్లీ నిండినప్పుడు లోతు 4.2 అవుతుంది. నీటి మీద నుంచి పడవ ముక్కు ఎత్తు ఒక మీటరు కలిపితే 5.2. మొత్తం గొలుసే అయితే దానికి నాలుగింతలు, 21 మీటర్లు. కొంత గొలుసు, మిగతా తాడు అయితే ఆరింతలు, 31 మీటర్లు. గాలి పెరుగుతుందంటే ఇంకా వదలండి. వదిలాక ఇంజిన్ వెనక్కి మెల్లగా లాగి, ఒడ్డున ఒక చెట్టూ దాని వెనక ఒక ఇల్లూ వరసలో పెట్టుకుని చూడండి. రెండూ కదలకుండా ఉంటే లంగరు పట్టింది. గొలుసు మీద చెయ్యి పెడితే కూడా తెలుస్తుంది. జారే లంగరు గరగరమని వణుకుతుంది.

రెండు చిక్కులు. మీ ఎకో సౌండర్ నీటి మట్టం నుంచి చూపుతుందా, కీల్ కింద నుంచి చూపుతుందా అన్నది పడవ వాటాదార్లలో ఒక్కరికే తెలిసి ఉంటుంది. బయల్దేరే ముందు ఒక తాడుకు బరువు కట్టి దించి సరిచూసుకోండి. రెండోది, చిన్న పోట్లు దాటాక రోజురోజుకూ పాటు ఇంకా లోతుకు దిగుతుంది. మొదటి రాత్రి సరిపోయిన చోటు మూడో రాత్రికి చాలకపోవచ్చు.

ప్రవాహం తిరిగినప్పుడు పడవ లంగరు చుట్టూ అర్ధచక్రం తిరుగుతుంది. 21 మీటర్ల గొలుసు, 8 మీటర్ల పడవ కలిపి చుట్టూ 30 మీటర్ల లోపల బోయాగానీ ఒడ్డుగానీ ఉండకూడదు. బోయాల వరసల్లో లంగరు దించితే అడుగున పరిచిన పాత గొలుసుల్లో చిక్కుకుని పైకి రాదు. పగలు ముందు వైపు నల్ల బంతి, రాత్రి చుట్టూ కనపడే తెల్ల దీపం పెట్టడం నియమం.

ప్రశ్న: అన్ని లెక్కలూ వేసుకున్నా బురదలో కూర్చుంటే? (తాడిపత్రి)

పాటు మీదైతే మీకున్నది ఒక నిమిషం. పెద్ద పోట్ల రోజు పాటు మధ్య గంటల్లో నీరు గంటకు 0.9 మీటర్లు, అంటే నిమిషానికి ఒకటిన్నర సెంటీమీటర్లు దిగుతుంది. వచ్చిన దారినే వెనక్కి లాగండి. అందరూ ఒక పక్కకు వెళ్లి పడవను వంచితే మునక కాస్త తగ్గుతుంది. రాలేదా, ఇంజిన్ ఆపేయండి. లేకుంటే చల్లబరిచే నీటితో పాటు బురద లాగి పైపు పూడుకుపోతుంది, తేలాక ఇంజిన్ వేడెక్కి ఆగిపోతుంది.

తర్వాత పడవ ఒడ్డు వైపుకు ఒరిగేలా చూడండి. లోతు వైపు ఒరిగితే పోటు వచ్చేటప్పుడు పడవ లేచేలోపు నీరు అంచు దాటి లోపలికి రావచ్చు. డింగీలో, అంటే యాట్‌తో ఉండే చిన్న పడవలో, లంగరు తీసుకెళ్లి లోతు వైపు వేసి రండి, తేలగానే దాని మీద లాక్కోవచ్చు. కిటికీలు మూసి, గ్యాస్ కట్టేసి, టీ ఫ్లాస్కు దగ్గర పెట్టుకుని కూర్చోండి. బురదలోకి మాత్రం దిగొద్దు. నడుము దాకా దిగబడతారు, పోటు ఆగదు.

పెద్ద పోటు నిండుగా ఉన్నప్పుడు కూర్చోవడం అన్నిటికన్నా చేటు. మర్నాటి నుంచి పోట్లు తగ్గుతాయి, పడవ రెండు వారాలు అక్కడే ఉండిపోవచ్చు. ఈ నదుల్లో ఎక్కువగా తిరిగే ఉద్దేశం ఉంటే పక్కపక్కన రెండు పొట్టి కీల్స్ ఉన్న పడవ కొనమని మా సలహా. వేగం కాస్త తక్కువే కానీ నీరు పోతే బురద మీద నిటారుగా కూర్చుంటుంది.

ప్రశ్న: డెబెన్ ఎగువన వుడ్‌బ్రిడ్జ్ ఊళ్లో టైడ్ మిల్ యాట్ హార్బర్‌లో రాత్రి ఉండొచ్చంటున్నారు. నది ఎండినా అందులో నీరుంటుందట, ఎలా? (కడప)

చెరువుకు అలుగు ఉన్నట్టే దాని వాకిట్లో గట్టు ఉంది. పోటు గట్టు దాటి లోపలికి వస్తుంది, పాటు దిగినప్పుడు గట్టు ఎత్తున నీరు లోపల నిలుస్తుంది. పక్కనున్న మిల్లు కోసం పోటు నీటిని పట్టి ఉంచిన మడుగే ఇప్పుడు యాట్లకు హార్బర్ అయింది. ఆ చోట మిల్లు గురించి 1170 నాటికే రాతల్లో ఉంది, ఇప్పుడున్న కట్టడం 1793 నాటిది, 1957 దాకా నీటితో పిండి ఆడింది. ఆ పాతకాలపు పనితనం చూడటానికైనా అంత దూరం పోవచ్చు.

వాకిలి పక్క కొలబద్ద ఉంటుంది, గట్టు మీద ఎంత నీరుందో చూపుతుంది. మీ మునక 1.4కు 0.3 కలిపి, 1.7 కనిపించాకే లోపలికి పోండి. మొగ నుంచి వుడ్‌బ్రిడ్జ్ 8, 9 నాటికల్ మైళ్లు. అక్కడ నీరు నిండేది మొగ కన్నా అరగంట, ముప్పావుగంట ఆలస్యంగా. చిన్న పోట్ల రోజుల్లో కొలబద్ద 1.7 చూపకుండానే పాటు మొదలు కావచ్చు. అంతకన్నా ఇబ్బంది, లోపల ఉండగా పోట్లు తగ్గితే బయటపడలేరు. సోమవారం డ్యూటీ ఉన్నవాళ్లు పోయేటప్పటి పోటు కాదు, తిరిగొచ్చేటప్పటి పోటు ఎత్తు చూసుకుని పోవాలి.

ప్రశ్న: నాకు అరవై దాటాయి. మోకాళ్ల నొప్పి. పిల్లలు రమ్మంటున్నారు. రాత్రి పడవలో పడుకోగలనా? వంట సంగతేమిటి? (ఒక అమ్మ, ఆదోని)

పడుకోవచ్చమ్మా. నది లోపల అల తక్కువ. ప్రవాహం తిరిగేటప్పుడు ఒక పావుగంట గొలుసు చప్పుడు, తాళ్ల కిర్రుమనడం ఉంటాయి. అప్పుడు మెలకువ వస్తే కంగారు పడకండి. కష్టమల్లా యాట్ నుంచి చిన్న డింగీలోకి దిగడం, ఎక్కడం. మోకాళ్ల నొప్పికి అది పడదు. కాబట్టి బోయా కాకుండా, ఒక్కడుగు వేస్తే చెక్క వంతెన మీదకు దిగే మెరీనాలో రాత్రి మకాం పెట్టమని అబ్బాయితో గట్టిగా చెప్పండి. డింగీ ఎక్కక తప్పకపోతే పగటిపూట, నీరు నిలకడగా ఉన్నప్పుడు, లైఫ్ జాకెట్ తొడుక్కుని, అంచు మీద కాకుండా నడిమధ్యన కాలు పెట్టండి.

వంటకు రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యి ఉంటుంది. ఉగ్గానీ, అన్నం, చారు ఇబ్బంది లేకుండా అవుతాయి. తాలింపు మాత్రం పడవ కట్టేశాకే. గ్యాస్ గాలి కన్నా బరువు. లీకైతే పడవ అడుగున చేరి నిలుస్తుంది, ఇంట్లోలా తలుపు తీస్తే పోదు. వండగానే పొయ్యి దగ్గర కాదు, సిలిండర్ దగ్గరే కట్టేయాలి.

ప్రశ్న: పడవ నడపడానికి అక్కడ లైసెన్సు అక్కర్లేదన్నది నిజమేనా? (గుంతకల్లు)

ఇలాంటి చిన్న సొంత పడవకు, సముద్రంలో, ఈ పోటు నదుల్లో చట్టం లైసెన్సు అడగదు. వీహెచ్ఎఫ్ రేడియో వాడటానికి మాత్రం మనిషికి సర్టిఫికెట్, పడవకు లైసెన్సు రెండూ కావాలి. అద్దెకిచ్చేవాళ్లూ, బీమావాళ్లూ అనుభవానికి ఆధారం అడుగుతారు. పడవ నడపడం నేర్పే డే స్కిప్పర్ కోర్సు చేసి పోవడం మంచిది.

ప్రశ్న: అంత దూరం ఎందుకు, మన పెన్నలో ఇలా తిరగలేమా? (జమ్మలమడుగు)

గండికోట దగ్గర పెన్నకు పోటూ పాటూ లేవు. రిజర్వాయరు మట్టం గంటల్లో కాదు, నెలల్లో మారుతుంది. అక్కడ పడవ కట్టేవాళ్లు చూసుకోవాల్సింది మట్టం దిగేకొద్దీ తాడు వదలడమే. పెన్న సముద్రంలో కలిసేది నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర. అక్కడ పోటు తేడా తక్కువ, మొగను ఇసుక మేటలు మూస్తాయి, కీల్ ఉన్న యాట్‌కు అది చోటు కాదు. మన దేశంలో పోటు నది లెక్కలు నేర్చుకోవాలంటే గోవాలోని మాండవి మేలు. తేడా 2 మీటర్ల ప్రాంతంలోనే, నది వెడల్పు, గుంతకల్లు నుంచి రైలుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మాత్రం పోవద్దు. నైరుతి రుతుపవనాలకు అగ్వాడ దగ్గరి ఇసుక తిట్ట మీద అలలు విరిగి దారి మూసుకుపోతుంది. హుగ్లీ జోలికి ఇప్పుడే వెళ్లకండి, పెద్ద పోట్లకు అక్కడ నీరు గోడలా లేచి ఎగువకు పరుగెత్తుతుంది.